ఆయిల్ ఇంజనులో గాస్కెట్ చేసే పని

1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడివైపున సాగే జవహర్ కాలువ పల్నాటి మీదుగా ప్రకాశం జిల్లా మెట్టభూముల వరకు కృష్ణానది నీటిని తీసుకొని పోయింది. అయితే కాలువలో నీరు పారుతున్నంత మాత్రాన ప్రతి చేనూ తడవదు. కాలువకన్న ఎత్తుగా ఉన్న పత్తి చేలకు, వాగుల పక్కనున్న మిరప తోటలకు నీటిని ఎత్తి పోయవలసిందే. ఒకప్పుడు ఈ పని మోట చేసింది. తరువాత ఆయిల్ ఇంజను చేసింది. విద్యుత్తు మోటార్లు వచ్చిన తరువాత ఇంజనుల సంఖ్య తగ్గినా, కరెంటు తీగ చేరని పొలాలలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఓగేరు గట్టున వాటి చప్పుడు నేటికీ వినిపిస్తూనే ఉన్నది.

మిరప పూతమీద ఉన్నప్పుడు తడి ఆలస్యమైతే పూత రాలిపోతుంది. అటువంటి రోజులలో ఇంజను ఆగిపోవడానికి పెద్ద భాగమేదీ విరగనక్కరలేదు. సిలిండరుకూ దానిపై మూతగా కూర్చుండే హెడ్డుకూ నడుమ ఒక పలుచని పొర ఉంటుంది. అది ఒకచోట కాలి చీలితే చాలు. ఆ పొరనే గాస్కెట్ అంటారు. మెకానిక్కులు కొందరు ‘ప్యాకింగు’ అని కూడ అంటారు. దీనిని ఇంటివద్దనే మార్చుకొనే రైతులు చాలమంది ఉన్నారు. మార్చినది నాలుగు రోజులకే మళ్ళీ పోయిందని చింతించేవారూ ఉన్నారు. గాస్కెట్ ఎట్లా పనిచేస్తుందో తెలిసినవారికి ఈ చిక్కు చాలవరకు తప్పుతుంది.

నునుపు నిజంగా నునుపా?

హెడ్డు అడుగుభాగాన్ని చేతితో తడిమి చూడండి. అద్దంవలె ఉన్నట్లు తోస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే మాత్రం అది దున్నిన నల్లరేగడి చేనువలె గట్లతో, చాళ్ళతో కనిపిస్తుంది. ఈ ఎగుడుదిగుడుల ఎత్తు మిల్లీమీటరులో వెయ్యోవంతులలో ఉంటుంది. అటువంటి రెండు తలాలను ఒకదానిపై ఒకటి బోర్లిస్తే గట్టు గట్టును మాత్రమే తాకుతుంది. చాళ్ళన్నీ సన్నని సందులుగా మిగిలిపోతాయి. నీరు, నూనె, మండుతున్న వాయువు ఈ సందులలోనుంచే దారి చేసుకుంటాయి.

కాబట్టి రెండు గట్టి లోహాల నడుమ వాటికన్న మెత్తని పదార్థాన్ని ఉంచి గట్టిగా బిగిస్తారు. అది నలిగి చాళ్ళలోనికి చొచ్చుకొని పోయి సందులను పూడ్చివేస్తుంది. గాస్కెట్ సూత్రం ఇంతే. యంత్రయుగం మొదటినుంచీ మానవుడు దీనిని వాడుతున్నాడు. 1712లో న్యూకొమెన్ నిర్మించిన ఆవిరి ఇంజనులో పిస్టను చుట్టూ ఆవిరి జారకుండా తోలు వాడి, దానిపై నీరు నిలిపేవారు. జేమ్స్ వాట్ కాలంలో కొవ్వు పట్టించిన నార వాడారు. కాని 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఆగ్స్‌బర్గులో విజయవంతంగా నడిపిన కొత్త ఇంజనుకు తోలూ, నారా చాలవు. అందులో గాలి ఎంతగా అణగుతుందంటే, ఆ వేడికే నూనె దానంతటది అంటుకుంటుంది.

డెబ్బది అయిదు టిక్కీల బరువు

ఈ పొర ఎంత ఒత్తిడికి ఎదురు నిలుస్తుందో లెక్క వేసి చూద్దాం. మన పొలాలలో వాడే 5 అశ్వశక్తి ఇంజనులలో ఒక రకానికి సిలిండరు లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టను పరుగు 110 మిల్లీమీటర్లు. అంటే సిలిండరు నోటి వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. నూనె మండినప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరుపై 60 కిలోగ్రాముల పీడనం పుట్టిందనుకొంటే, హెడ్డును పైకి నెట్టే బలం 3,000 కిలోగ్రాములు అవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీ సుమారు 40 కిలోలు తూగుతుందనుకొంటే, ఇది 75 టిక్కీల బరువుకు సమానం. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే నాలుగు ఘాతాల ఇంజనులో ఈ దెబ్బ నిమిషానికి 750 సార్లు పడుతుంది. రాత్రి పది గంటలు తోటకు నీరు పెడితే నాలుగున్నర లక్షల దెబ్బలు!

ఈ దెబ్బను ఆపేది గాస్కెట్ అని చాలమంది అనుకొంటారు. నిజానికి ఆపేవి హెడ్డును బిగించే స్టడ్డులు. గాస్కెట్ చేసేది సందులు పూడ్చడం మాత్రమే. పైకి నెట్టే బలంకన్న కిందికి అదిమి పట్టే బలం ఎప్పుడూ చాల ఎక్కువగా ఉండాలి. ఆ అదుము తగ్గిన క్షణాన ఎంత మంచి గాస్కెట్ అయినా పనికిరాదు.

స్టడ్డు ఒక స్ప్రింగు

అదిమి పట్టే బలం ఎక్కడినుంచి వస్తుంది? నట్టును బిగించినప్పుడు ఉక్కు స్టడ్డు కొంచెం సాగుతుంది. సాగిన స్టడ్డు స్ప్రింగువలె మళ్ళీ కుదించుకొని పోవాలని చూస్తుంది. ఆ లాగుడే హెడ్డును అదిమి పడుతుంది. 12 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల పొడవు గల స్టడ్డు 2,500 కిలోగ్రాముల బలంతో లాగుతున్నదనుకోండి. అప్పుడు అది సాగేది సుమారు 0.14 మిల్లీమీటరు మాత్రమే. అంటే రెండు తలవెంట్రుకల మందం! అటువంటివి నాలుగు ఉంటే మొత్తం 10,000 కిలోగ్రాముల అదుము ఏర్పడుతుంది.

ఇంటివద్ద చేసే మరమ్మతులో విజయమూ అపజయమూ ఈ 0.14 మిల్లీమీటరులోనే ఉన్నాయి. బిగించిన తరువాత హెడ్డు కింద ఉన్న పొర 0.1 మిల్లీమీటరు అణగిపోయిందనుకొందాం. స్టడ్డు సాగుదలలో మూడింట రెండు వంతులకు మించి పోయినట్లే. అదుము కూడ అదే పాళ్ళలో తగ్గుతుంది. మెత్తని అట్టముక్క, మందంగా పూసిన రంగు, గీకకుండా వదిలిన పాత గాస్కెట్ పెచ్చు మొదట గట్టిగానే కనిపిస్తాయి. ఇంజను వేడెక్కిన తరువాత కాలి, అణగి, స్టడ్డును వదులు చేస్తాయి. నాలుగో రోజున గాస్కెట్ పోవడానికి కారణం చాల సందర్భాలలో ఇదే.

జబ్బును గుర్తించడం

హెడ్డు గాస్కెట్ పోయినప్పుడు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. మండే వాయువు నీటి దారిలోనికి చొరబడితే, ఇంజనును చల్లబరచి బయటికి వచ్చే నీటిలో బుడగలు లేస్తాయి. నీరు నూనెలో కలిస్తే నూనె కొలపుల్లకు తెల్లని మజ్జిగవంటి పదార్థం అంటుకుంటుంది. వాయువు బయటికే పోతూ ఉంటే హెడ్డు అంచున ‘చుస్‌చుస్’ మని చప్పుడు వస్తుంది. అక్కడ సబ్బునీరు చిలకరిస్తే నురుగు ఎగురుతుంది. హ్యాండిలు తిప్పేటప్పుడు చేతికి ఎదురుతన్నే బిగువు తగ్గుతుంది.

అయితే బిగువు తగ్గడానికి వాల్వులు సరిగా మూసుకోకపోవడం, పిస్టను రింగులు అరగడం కూడ కారణం కావచ్చు. మెకానిక్కులు సిలిండరులోనికి కొద్ది చుక్కల నూనె వదిలి తిప్పి చూస్తారు. బిగువు పెరిగితే లోపం రింగులలో ఉన్నట్లు. పెరగకపోతే వాల్వునో గాస్కెట్‌నో అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండానే హెడ్డు విప్పడం అనవసరమైన శ్రమ.

విప్పేటప్పుడు

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే నట్లు విప్పాలి. ఒక నట్టును ఒకేసారి ఊడదీయకూడదు. అన్నింటినీ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయాలి. లేకుంటే బలమంతా ఒక మూలకు చేరి హెడ్డు వంకరపోవచ్చు. హెడ్డు లేవకపోతే చెక్కసుత్తితో పక్కలనుంచి మెల్లగా తట్టాలి. సందులో ఉలి పెట్టి లేపితే పడే గాటు తరువాత వాయువుకు రాచబాట అవుతుంది.

పని చేసే చోటు కూడ ముఖ్యమే. మన నేలలో గాలి వీస్తే నల్లరేగడి ధూళి లేస్తుంది. 0.1 మిల్లీమీటరు మందం గల ఇసుకరేణువు ఒక్కటి గాస్కెట్ కింద పడితే, దాని చుట్టూ ఆ మేరకు సందు నిలుస్తుంది. కాబట్టి చేనిగట్టున కాక, ఇంటి అరుగు మీద తడి గోనెపట్టా పరచి పని చేసుకోవడం మేలు. విప్పిన సిలిండరు నోటిని శుభ్రమైన గుడ్డతో మూసి ఉంచాలి.

పాత పొరలోని రాతినార

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన ఒక విషయం చెప్పవలసి ఉన్నది. పాత ఇంజనుల గాస్కెట్లలో అనేకం రాగిరేకుల నడుమ రాతినార పెట్టి చేసినవి. దీనినే ఆస్‌బెస్టాస్ అంటారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఈ ఖనిజాన్ని తవ్వేవారు. ఇది నిప్పుకు కాలదు, లాగితే నారవలె సాగుతుంది. అందువలన ఇంజనులకు ఇంతకన్న మంచి పదార్థం లేదని ఒకనాడు అనుకొన్నారు. రాతినార లేని రకాలు నేడు విరివిగా దొరుకుతున్నా, కొన్ని జాయింటింగ్ షీట్లలో అది ఇంకా ఉంటున్నది.

దీని పోగులు కంటికి కనపడనంత సన్ననివి. పొడిగా గీకినప్పుడు గాలిలో తేలి ఊపిరితిత్తుల లోతుల వరకు పోతాయి. శరీరం వాటిని కరిగించలేదు. ఊపిరితిత్తులు గట్టిపడడం, ఊపిరితిత్తుల కాన్సరు, వాటిని కప్పి ఉంచే పొరకు వచ్చే కాన్సరు వీటివలన కలుగుతాయి. జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళయినా పట్టవచ్చు. అందుకే 1995 జనవరిలో సుప్రీంకోర్టు, రాతినార పరిశ్రమలలోని కార్మికుల ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరిన నాటినుంచి కనీసం 40 సంవత్సరాల పాటు భద్రపరచాలని ఆదేశించింది. పరిశ్రమలోని కార్మికునికి ఆ మాత్రం రక్షణ ఉన్నది. చెట్టుకింద కూర్చుండి ఇంజను బాగుచేసే కుర్రవానికి, అతని పక్కనే ఆడుకొనే పిల్లలకు ఆ రక్షణ లేదు. తమ జాగ్రత్తే వారికి రక్షణ.

పాత గాస్కెట్ ఏ పదార్థంతో చేసినదో తెలియనప్పుడు అందులో రాతినార ఉన్నదనే భావించండి. దానిని సబ్బునీటితో బాగా తడిపి, నానిన తరువాత చెక్క లేదా ఇత్తడి బద్దతో తీయండి. తడి ఆరకుండా చూస్తూ ఉండండి. తీగ కుంచెను మోటారుకు తగిలించి రుద్దకండి. నోటితోగాని, గాలిపంపుతోగాని ఊదకండి. ముఖానికి చుట్టుకొన్న తువాలు ఈ పోగులను ఆపలేదు. తీసిన ముక్కలను, తుడిచిన గుడ్డను తడిగానే సంచిలో మూట కట్టి దూరంగా లోతుగా పాతిపెట్టండి. పని ముగిసిన తరువాత స్నానం చేసి, ఆ బట్టలను వేరుగా తడిపి ఉతకండి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానీయకండి.

రెండు గాస్కెట్లు వేస్తే?

“ఒకటి ఆగకపోతే రెండు వెయ్యవయ్యా, ఎట్లా ఆగదో చూద్దాం” అని మెకానిక్కును తొందరపెట్టే రైతులు ఉన్నారు. సంచి చిల్లికి రెండు అతుకులు వేసినట్లు ఇది సబబుగానే తోస్తుంది. కాని గాస్కెట్ మందం ఇంజను కొలతలలో ఒకటి.

పైన చెప్పిన ఇంజనులో పిస్టను ఒక పరుగులో తోసే గాలి ఘనపరిమాణం 553 ఘన సెంటీమీటర్లు. పిస్టను పైకి చేరినప్పుడు అది సుమారు 36 ఘన సెంటీమీటర్ల చోటులోనికి అణగుతుంది. అంటే గాలి పదహారున్నర వంతులు సంపీడనం చెందుతుంది. ఇప్పుడు 1.2 మిల్లీమీటర్ల మందం గల మరొక గాస్కెట్ వేశామనుకోండి. పై చోటు ఇంకొక 6 ఘన సెంటీమీటర్లు పెరుగుతుంది. సంపీడనం పద్నాలుగు వంతులకు కాస్త పైకి పడిపోతుంది. అణగిన గాలి వేడి సుమారు 40 డిగ్రీలు తగ్గుతుంది. మాఘమాసపు తెల్లవారుజామున చల్లబడిన ఇంజనును హ్యాండిలుతో తిప్పేవానికి ఈ తేడా భుజాలకు తెలుస్తుంది. ఇంజను అంటుకోదు. అంటుకొన్నా తెల్లని పొగ కక్కుతుంది. పైగా రెండు పొరలు అణగే మేర కూడ రెట్టింపవుతుంది. అంటే స్టడ్డుల బిగువు మరింత త్వరగా పోతుంది.

మరీ పలుచని గాస్కెట్ వేసినా ప్రమాదమే. పిస్టను పైకి వచ్చి హెడ్డునో వాల్వునో కొట్టవచ్చు. పిస్టనుపై మెత్తని సీసపు తీగ ముక్కలు ఉంచి, హెడ్డు బిగించి, చేతితో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందాన్ని కొలిచి చూడడం మెకానిక్కులు ఎరిగిన పద్ధతి. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన కొలతతో అది సరిపోవాలి.

బిగించే వరుస

కొత్త గాస్కెట్ వేసే ముందు హెడ్డు చదునును పరీక్షించాలి. సరళమైన ఉక్కు బద్దను తలం మీద అడ్డంగా, నిలువుగా, మూలనుంచి మూలకు ఆనించి, దాని కింద సందు కొలిచే రేకును దూర్చి చూడాలి. 0.1 మిల్లీమీటరు రేకు దూరితే ఇంటివద్ద చేయగలిగినది లేదు. లేతు షాపులో తలాన్ని చదును చేయించాలి. వేడెక్కిన ఇంజనుపై ఒక్కసారిగా చల్లని కాలువ నీరు పోయడం హెడ్డు వంగడానికి పెద్ద కారణం.

స్టడ్డు మరలను తీగ కుంచెతో శుభ్రం చేసి, పుస్తకం చెప్పినట్లయితే పలుచగా నూనె రాయాలి. ఎందుకంటే స్పానరుపై మనం చూపే బలంలో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు మరలలోను, నట్టు కిందను ఘర్షణకే పోతాయి. స్టడ్డును సాగదీసేది సుమారు ఒక పాలు. తుప్పు, మట్టి ఉంటే ఆ ఒక పాలు కూడ మిగలదు. చేతికి గట్టిగా బిగిసినట్లే తోస్తుంది, కాని అదుము ఉండదు. అందుకే బిగువును చూపే టార్కు స్పానరును అద్దెకైనా తెచ్చుకోవడం మంచిది.

నట్లను ఒకేసారి చివరి వరకు బిగించక మూడు విడతలుగా, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించాలి. ఎక్కువ స్టడ్డులు ఉన్న ట్రాక్టరు ఇంజనులలో నడుమనుంచి అంచులకు పోవాలి. చపాతీ పిండిని నడుమనుంచి బయటికి ఒత్తినట్లే, గాస్కెట్ కూడ ముడత లేకుండా పరచుకుంటుంది. ఇంజను కొంతసేపు నడిచి చల్లారిన తరువాత మళ్ళీ బిగించవలసిన రకాలు ఉన్నాయి. మళ్ళీ బిగించకూడని రకాలూ ఉన్నాయి. ఈ విషయంలో తయారీదారు పుస్తకమే ప్రమాణం. హెడ్డు ఎత్తు మారుతుంది కాబట్టి చివరకు టాపెట్టు సందును కూడ సరిచేయాలి.

ఇంటివద్ద కత్తిరించుకోదగినవి

పక్కమూతలు, టాపెట్టు మూత వంటి పీడనం తక్కువగా ఉండే చోట్లకు గాస్కెట్‌ను మనమే చేసుకోవచ్చు. నూనెకు నానని ప్యాకింగు కాగితాన్ని మూతపై పరచి, గుండుతల సుత్తితో అంచు వెంట మెల్లగా తడితే అచ్చు పడి కాగితం తెగుతుంది. పనితలం మీద కాక విప్పిన మూత మీదనే ఇట్లా తట్టాలి. నూనె దారి రంధ్రాలు ఏవీ మూసుకోకుండా చూడాలి. క్యాలెండరు అట్ట, సిగరెట్టు పెట్టె అట్ట నూనెను పీల్చుకొని మెత్తబడతాయి. అవి పనికిరావు. ఇంధన పంపు కింద ఉండే పలుచని రేకులను కూడ ఊరికే మార్చకూడదు. అనేక ఇంజనులలో నూనె చిమ్మే వేళను నిర్ణయించేది ఆ రేకుల మందమే.

నాజిలు కింద ఉండే గట్టి రాగి వాషరును మళ్ళీ వాడవచ్చు. నలిగి నలిగి గట్టిపడిన రాగిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మెత్తబడుతుంది. కొడవలిని కాల్చి ముంచితే గట్టిపడుతుంది కదా! రాగి గుణం వేరు. అయితే నడుమ నార పెట్టిన రాగి గాస్కెట్‌ను ఎన్నడూ కాల్చకూడదు, మళ్ళీ వాడకూడదు.

షెల్లాక్, సిలికాన్ ముద్ద వంటివి పక్కమూతలకు పలుచగా రాయవచ్చు. మందంగా రాస్తే మిగిలినది లోపలికి జారి నూనె దారులకు అడ్డుపడుతుంది. తయారీదారు చెప్పనిదే హెడ్డు గాస్కెట్‌కు ఏ జిగురూ రాయరాదు. అక్కడ పట్టి ఉంచేది జిగురు కాదు, స్టడ్డుల సాగుదల.

శుభ్రమైన తలం, సరియైన మందం, వరుస తప్పని బిగింపు — ఈ మూడింటినీ పాటించినవాని ఇంజను తడి వేళకు మొరాయించదు. పాత పొరను తడిపి తీసినవాడు తన ఊపిరినీ, తన పిల్లల ఊపిరినీ కాపాడుకొన్నవాడవుతాడు. దీనికి కావలసినది ఒక చెంబెడు సబ్బునీరు, కొంచెం ఓపిక మాత్రమే.